బూజు పట్టిన బోనీ ఎం కచేరీ క్యాసెట్‌ని ఎలా కాపాడుకోవాలి?

నాన్న దుబాయ్ నుంచి తెచ్చుకున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఒకటి మొన్న అటక మీద దొరికింది. పైన ఆయన చేతిరాతతో "బోనీ ఎం, పోలండ్ 1979" అని ఉంది, అంటే ఆ పాత డిస్కో గ్రూపు అక్కడి సోపాట్ పాటల పండుగలో చేసిన ప్రోగ్రామే అయ్యుండాలి. అప్పుడు అధికారులు వద్దన్నా స్టేజీ మీద రాస్‌పుటిన్ పాట పాడేశారు, పోలండ్ టీవీ మాత్రం ప్రసారంలో దాన్ని కోసేసింది. మా క్యాసెట్‌లో ఆ పాట ఉందో లేదో చూడాలని చాలా ఆత్రంగా ఉంది. పైగా రికార్డుల్లో మగ గొంతు నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది కదా, స్టేజీ మీద గ్రూపులోని బాబీ ఫారెల్ ఎలా పాడాడో వినాలి.

సమస్య ఏంటంటే రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. అలాగే ప్లేయర్‌లో పెడితే హెడ్ పాడవుతుందని, టేపు తెగిపోవచ్చని భయం. ఇంతకుముందు ఒక షాపులో ఇస్తే మా అక్క పెళ్లి క్యాసెట్ నలిపి చేతిలో పెట్టారు, అందుకే ఈసారి టెన్షన్.

బూజు ఇంట్లోనే తుడవొచ్చా, దేనితో తుడవాలి? హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ పాత టేపుల్ని జాగ్రత్తగా డిజిటల్‌లోకి మార్చేవాళ్లు ఎవరైనా తెలుసా? మీరు స్వయంగా చేయించుకున్న చోటైతే ఇంకా మంచిది. నాన్నకి డెబ్బై దాటాయి, ఆయనతో కూర్చుని చూడాలండీ.