“మీరు నువ్వే!”: నెపోలియన్ అలకకి తెలుగేమిటి?

కాగితపుపడవ: ఇటలీ దండయాత్రకి పోతూ 1796 మార్చి 30న నెపోలియన్ నీస్ నుంచి భార్య జోసెఫీన్‌కి రాసిన ఉత్తరం ఎక్కడో తెలుగులో చదివాను. “నిన్ను ప్రేమించకుండా ఒక్క రోజూ గడపలేదు” అని మొదలవుతుంది. శిబిరాలు తిరుగుతున్నా గుండెల్లో నువ్వొక్కదానివే అంటాడు. అంతలోనే, ఆవిడ తనని ‘మీరు’ అందని అలుగుతాడు. ఆ వాక్యం “మీరట, మీరు!” అనా, “మీరు నువ్వే!” అనా? ఎంతకీ తేలడం లేదు.

గోదారిగట్టు: ఫ్రెంచిలో “వూ తువా-మేమ్”. ‘వూ’ అంటే మీరు, ‘తువా-మేమ్’ అంటే నువ్వే. కాబట్టి “మీరు నువ్వే”. వెధవా అంటే “నువ్వే వెధవ” అంటారు చూడండి బళ్ళో పిల్లలు, అదే వరస. అప్పటికి సేనానికి 26 ఏళ్ళు. “మీరట” అంటే ఎత్తిపొడుపే మిగులుతుంది, ఉక్రోషం పోతుంది.

తాటాకు: ఆ వరసే కావాలంటే “నువ్వే మీరు” అనాలి. “మీరు నువ్వే” అంటే నిఘంటువులో అర్థం చెప్పినట్టుంది.

కోడలుపిల్ల: ముందువెనకల సంగతి తర్వాత. తెలుగు పెళ్ళాం మొగుణ్ణి మీరంటే వింతేముంది? మా మామ్మ దగ్గర్నుంచీ అందరిదీ అదే పిలుపు. తెలుగు నెపోలియన్ అయితే ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని యుద్ధానికి పోతాడు. అక్కడ ‘తమరు’ పెట్టండి. “నన్ను తమరంటావా? నువ్వే తమరు!” కాపురంలో ‘తమరు’ వినపడిందంటే ఆ పూట కూర మాడినట్టే.

గోదారిగట్టు: తమరు అంటే జోసెఫీన్ పనిగట్టుకుని కయ్యం పెట్టుకున్నట్టవుతుంది. పాత ప్రభువుల ఇళ్ళలో ఆలుమగలు కూడా ‘వూ’ అనుకునేవారు. ఆవిడ మొదటి భర్త బోఆర్నే ఆ బాపతే, 1794లో గిలటిన్ కింద పోయాడు. అందరూ ‘తు’ (నువ్వు) అనుకోవాలన్న విప్లవం ఊపు 1793లోది. ఆవిడది పాత అలవాటు కావచ్చు. ఈయనకి మాత్రం చల్లగా తగిలింది, పెళ్ళైన రెండో రోజునే బయల్దేరినవాడు మరి. “ఎంత చల్లటి ఉత్తరం” అనే రాశాడు.

తాటాకు: ‘చల్లటి’ అనకండి మాస్టారూ, మనకి చల్లదనం హాయి. ‘పొడిపొడి’ అనండి.

ఓరుగల్లు: మా దిక్కు పల్లెల్లో నాయననైనా నువ్వనే అంటం. ఇంట్లో ఎవరన్న మీరంటే దూరం పెట్టినట్టే. మాకు తమరూ గిమరూ అక్కర్లేదు, ఆయన అలక ఉన్నదున్నట్టే సమజైతది.

పోతనవారి_పొలం: దీనికి పోతన్నే సాక్షి. రుక్మిణి సందేశమూ యుద్ధం ముందటి ప్రేమలేఖే. “ప్రాణేశ! నీ మంజుభాషలు వినలేని కర్ణరంధ్రంబుల కలిమి యేల”. ఇంకా పెళ్ళి కాలేదు, అవతల ద్వారకాధీశుడు, అయినా ‘నీ’! ‘మీ మంజుభాషలు’ అని చదివి చూడండి. గణం చెడదు, యతి చెడదు, ప్రేమ చెడుతుంది.

తాటాకు: కావ్యభాషలో దేవుడికీ రాజుకీ బంటుకీ నీవే కదండీ. “నీవే తప్ప నితఃపరం బెఱుఁగ” అని ఏనుగు అనలేదా? అది వ్యాకరణానికి సాక్ష్యం, చనువుకి కాదు.

పోతనవారి_పొలం: ఆ పద్యంలోనే “రావే యీశ్వర” అని ఉంది. చనువు లేకుండానే ‘రావే’ అందా ఏనుగు?

తాటాకు: ప్రార్థన వేరు, చనువు వేరు. ఈ లెక్కన ‘ఈవు’, ‘ఈరు’ అని పాత రూపాలున్నాయి, నెపోలియన్‌కి అవీ తొడగండి.

కాగితపుపడవ: అయ్యా, నా వాక్యం...

గోదారిగట్టు: వస్తున్నా. అసలు నన్ను పీడించేది దాని పక్కనున్న లెక్క. ఆవిడ ఉత్తరం వాంతోజ్ (విప్లవకాలపు ఫ్రెంచి కాలెండర్లో ఒక నెల) 23 నుంచి 26 దాకా రాసింది. మధ్యలో నాలుగు రోజులు మొగుడికి రాయకుండా ఏం చేశావంటాడు. “ఈ ‘మీరు’, ఆ నాలుగు రోజులు” తలచుకుంటే తన పాత నిర్లిప్తతే నయమనిపిస్తోందట. 23 నుంచి 26కి మూడే కదా? ఫిరంగులు గురిపెట్టడం నేర్చినవాడు!

కోడలుపిల్ల: పురుడు లెక్క. పుట్టినరోజుతో కలిపి.

ఓరుగల్లు: రెండు కొసలు కలిపితే నాలుగే. మరి ఏం చేసినవని అడిగిండు గదా, ఆమె జవాబు ఏమన్న దొరుకుతదా? అండ్ల ఏమని పిలిచిందో చూడాలె.