ఫ్రాన్స్వాజ్ ఆర్దీ పాటలో పాదం చివర తెగే మాట, మన నన్నయ పద్యం

మొదటి పోస్టు:

పాదం చివర మాటను సగంలో తెంపి మిగతా సగాన్ని కింది పాదంలోకి తోసేయడం మనకు కొత్తేం కాదు, నాలుగు వృత్తాలు చదివినవాళ్లెవరికైనా అలవాటైపోయిన సంగతే. ఆ పనే మూడు నిమిషాల తేలికపాటి పాటలో చేస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే ఫ్రెంచి గాయని ఫ్రాన్స్వాజ్ ఆర్దీ 1968 ఆల్బం వినండి. నేను ఆ ఆల్బం పిచ్చిలో ఉన్నాను కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఈవిడ 1944లో పారిస్‌లో పుట్టింది, 2024 జూన్‌లో పోయింది. బాకలోరియా, అంటే బడి చదువు ముగింపు పరీక్ష, పాసైనందుకు ఇంట్లో గిటారు కొనిపెట్టారు, దాని మీద తనే పాటలు కట్టుకుంది. 1962 అక్టోబరు 28 రాత్రి, దేశాధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా వద్దా అన్న రిఫరెండం ఫలితాల కోసం ఫ్రాన్స్ అంతా టీవీల ముందు కూర్చుంటే, మధ్యలో వచ్చిన ఖాళీలో ఈ పద్దెనిమిదేళ్ల పిల్ల వచ్చి, నా ఈడు వాళ్లంతా జంటలుగా తిరుగుతున్నారు, నన్ను ప్రేమించేవాళ్లే లేరు అని తను రాసుకున్న పాట పాడింది. ఇంకేముంది, రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. అప్పటి కుర్రకారు పాటలకు అక్కడ 'యే-యే' అని పేరు, ఇంగ్లీషు పాటల్లోని కేకల నుంచి వచ్చిందే. ఆ కేకల గుంపులో గొంతు పెంచకుండా, ఎదురుగా ఎవరూ లేనట్టు పాడింది ఈవిడ.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆల్బం అట్ట మీద ఉన్నది ఆమె పేరే, కానీ అందరూ దాన్ని మొదటి పాట పేరుతోనే పిలుస్తారు: 'కొమాఁ తు దీర్ అద్యో', అంటే నీకు వీడ్కోలు ఎలా చెప్పను అని. (అరసున్న ఇక్కడ భలే పనికొచ్చింది.) బాణీ ఒక ఇంగ్లీషు పాటది, ఫ్రెంచి మాటలు సెర్జ్ గేన్స్‌బూర్ అనే పాటల రచయిత రాశాడు. ఆయన పెట్టుకున్న నియమం వినండి: పాట పొడుగునా 'ఎక్స్' అన్న ధ్వనితో అంత్యప్రాస. ఫ్రెంచిలో అలా ముగిసే మాటలు ఎన్నో లేవు, ఉన్నవాటిలో సగం వంటింట్లోనో మందుల షాపులోనో దొరికే సరుకుల పేర్లు. అయినా వదల్లేదు. నా గుండె సిలెక్స్, అంటే చెకుముకి రాయి, ఇట్టే అంటుకుంటుంది. నీ గుండె పైరెక్స్, ఎంత మంట పెట్టినా చెక్కుచెదరదు. ఓవెన్‌లో పెట్టే గాజు గిన్నె పేరు విరహగీతంలోకి తెచ్చాడంటే ఎంత ధైర్యమో చూడండి. కన్నీళ్లు కూడా నేరుగా లేవు, క్లీనెక్స్ కాగితం అడ్డం పెట్టుకుంటే వీడ్కోలు చెప్పడం తేలికవుతుందేమో అంటుంది, అంతే.

మాటలు అయిపోయినచోట ఏం చేశాడంటే, 'ఎక్స్‌ప్లికే' అనే క్రియను నిలువునా కోశాడు. 'ఎక్స్' పాదం చివర, 'ప్లిక్' కింది పాదం మొదట. తెలుగులో చెప్పాలంటే 'నువ్వు నాకు ఇంకాస్త వివ' అని ఆగి, 'రంగా చెప్పాలి' అని అందుకోవడం. 'మాజీ ప్రేమ' అన్న మాటనీ అలాగే తెంచాడు, మాజీ పైన, ప్రేమ కింద. (ఇప్పుడు మన పిల్లలు 'నా ఎక్స్' అంటూనే ఉన్నారు కాబట్టి అనువదించేవాళ్లకు ఆ ఒక్క ప్రాస ఉచితం.) ఆమె ఎక్కడా వెక్కదు, గొంతు వణికించదు. గొంతు తెగాల్సిన చోట మాట తెగుతుంది. మధ్యలో ఒకచోట పాట కూడా వదిలేసి దాదాపు మాట్లాడినట్టే చెబుతుంది. ఆ ఆల్బంలో నన్ను పట్టేసింది ఇదే: దుఃఖాన్ని మోసే పనంతా ఛందస్సుకు అప్పగించి తను మామూలుగా నిలబడుతుంది.

ఇప్పుడు నన్నయ. ఆదిపర్వంలో శకుంతల మాట:

నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృత
వ్రత! యొక బావి మేలు, మఱి బావులు నూఱిటికంటె నొక్క స
త్క్రతువది మేలు, తత్క్రతుశతంబునకంటె సుతుండు మేలు, త
త్సుతశతకంబుకంటె నొక సూనృతవాక్యము మేలు సూడఁగన్

నిండు సభలో దుష్యంతుడు నువ్వెవరో నాకు తెలియదు అన్నాక చెప్పిన పద్యం. నూరు నూతుల కన్న ఒక దిగుడుబావి, అలా పెంచుకుంటూ పోయి నూరుగురు కొడుకుల కన్న ఒక నిజం మేలు అంటుంది. మూడు పాదాల చివరా మాట తెగింది. అబద్ధమాడుతున్న మొగుణ్ణి 'సూనృతవ్రత' అని పిలవడంలోనే ఎత్తిపొడుపు ఉంది, తెగింది సరిగ్గా ఆ పిలుపే. అయినా మన చెవికి అది తెగినట్టు ఉండదు. ఎందుకంటే మన ప్రాస రెండో అక్షరం మీద ఉంది, పాదం చివర చెవి దేనికోసమూ కాచుకుని ఉండదు. పైగా 'స' గురువు కావాలంటే కింద ఉన్న 'త్క్ర' తగలాలి, 'త'కు 'త్సు' తగలాలి. ఆగితే గణం చెడుతుంది, అందుకని జారిపోతాం. ఫ్రెంచి పాటలో ప్రాస పాదం చివరే, బాణీ ఆగేదీ అక్కడే, అందుకని తెంపితే ఖణేలుమని వినపడుతుంది. ఒకే పని, ఒకచోట అతుకు, ఇంకోచోట విరుపు. మీరేమంటారు?

జవాబు:

యానాం నుంచి. 'హార్డీ' అనకుండా ఆర్దీ అని రాసినందుకు ముందు దండం. ఫ్రెంచి వాళ్లు ఆ 'హ' పలకరు, ద కూడా మన దంతంలో ద లాంటిదే. మా తాతగారి తరం వాళ్లు బతికుంటే ఈ పోస్టు చూసి ఇంకో రెండు ఉచ్చారణలు దిద్ది ఉండేవారు.

జవాబు:

పోస్టు బాగుంది కానీ ఒకచోట ఒప్పుకోను. పాదాంతంలో లఘువున్నా గురువుగా లెక్కపెట్టుకునే వెసులుబాటు సంస్కృతంలో ఉంది కదా, ఆగితే గణం చెడుతుంది అనడం మరీ గట్టి మాట. రెండోది, మన చెవికి విరుపు వినపడదు అంటున్నారు, బడి పిల్లలతో ఈ పద్యం ఒప్పజెప్పించి చూడండి. 'నూఱిటికంటె సూనృత' అని ఊపిరి పీల్చుకుని 'వ్రత యొక బావి' అంటారు, అప్పుడు 'వ్రతయొక' అనే బావి ఒకటి ఎక్కడో ఉన్నట్టు వినపడుతుంది. ఇరవై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, నాకు తెలుసు ఆ బావి.

ఇంకో మాట. కృష్ణశాస్త్రిగారి దుఃఖం తెలిసినవాళ్లకు ఈ క్లీనెక్స్ ఏడుపు ఏపాటి?

మొదటి పోస్టు రాసినవాడి జవాబు:

మాస్టారూ, వ్రతయొక బావికి నవ్వాగలేదు. వెసులుబాటు సంగతి నిజమే, కానీ నన్నయ ఇక్కడ దాన్ని వాడుకోలేదు చూడండి, మూడుచోట్లా కింద సంయుక్తాక్షరాన్నే పెట్టాడు. ఊపిరి తీయకుండా చదవమని ఆయనే చెప్పినట్టు లేదూ? పిల్లలు ఆగడం వచనం అలవాటుతో, రాసినవాడి చెవి వేరు.

కృష్ణశాస్త్రితో పోటీ ఎందుకండీ. ఆయన దుఃఖాన్ని పోగుచేసుకుంటూ పోతాడు, లేనివన్నీ లెక్కపెట్టి మరీ చెబుతాడు, ఆ పోగు బరువే ఆయన అందం. ఆర్దీ ఉన్నదాన్ని కూడా తగ్గించి చెబుతుంది. అదే ఆల్బంలో లూయీ అరగాఁ అనే ఫ్రెంచి కవి రాసిన కవిత ఒకటి ఉంది, సుఖంగా ఉన్న ప్రేమ అంటూ ఏదీ లేదు అని పల్లవి. 1943లో, ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఉన్నప్పుడు రాసింది, తర్వాత జార్జ్ బ్రాసెన్స్ అనే గాయకుడు బాణీ కట్టాడు. ఎవరికిచ్చినా గుండెలు బాదుకునే అవకాశం ఉన్న కవిత. ఈవిడ సామాన్ల జాబితా చదివినంత సాదాగా పాడుతుంది, కాసేపటికి మనకే ఎక్కడో పట్టుకుంటుంది. ఈ ఆల్బం వచ్చిన 1968లోనే కచేరీలు మానేసింది కూడా, వేదిక అంటే ఆమెకు ఎప్పుడూ భయమే. గదిలో మైకు ముందు పాడే గొంతు అది, మైదానానికి సరిపడదు.

జవాబు:

ఆ ఆల్బంలోనే గేన్స్‌బూర్ రాసిన ఇంకో పాట ఉంది, 'లానమూర్'. 'అమూర్' ప్రేమ, దాని ముందు 'లేని' అనే అర్థమిచ్చే గ్రీకు 'అన్' చేర్చి కొత్త మాట పుట్టించాడు. మన 'అనాది', 'అనంతం'లో ఉన్న అన్‌కు అది దాయాదే. మనవాళ్లయితే నఞ్ సమాసం అని పేరు పెట్టి పక్కకు తప్పుకునేవారు. 'అప్రేమ' అంటే తెలుగులో పేలవంగా ఉంది, ఎవరైనా ఇంకోటి చెప్పండి. ('అనురాగం' అని ఎవరూ రాయకండి, అందులో ఉన్నది 'అను'.)

జవాబు:

నాకు ఫ్రెంచి ముక్క రాదు. పాటలు బావుంటాయంటే వింటాను, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మొదటి పోస్టు రాసినవాడి జవాబు:

ఫ్రెంచి రాకపోవడమే మేలు అనను గానీ, మొదటిసారికి అడ్డం కాదు. లిరిక్స్ తెరవకుండా మొదటి పాట పెట్టి 'ఎక్స్' వినపడ్డప్పుడల్లా వేలు మడవండి, రెండు చేతులూ కావాల్సొస్తాయి. తర్వాత లానమూర్. ఆ తర్వాత పాత్రిక్ మోదియానో మాటలు రాసిన పాట ఒకటుంది, బెన్వా అనే అబ్బాయిని నన్ను ఆశ్చర్యపెట్టు అని వేధించే అల్లరి పాట. 2014లో నోబెల్ వచ్చిన మోదియానోయే, అప్పటికి మొదటి నవల అచ్చయిన కుర్రాడు. ఏడుపు ఆల్బం అనుకుని వెళ్లినవాళ్లకు అదొక ఆటవిడుపు. అరగాఁ కవిత చివరికి ఉంచుకోండి. మొదటి పాట కోసం యూట్యూబ్‌లో వెతికితే బ్రిటిష్ గాయకుడు జిమ్మీ సోమర్‌విల్ 1989లో పాడిన డాన్స్ వెర్షన్ ముందు వస్తుందేమో, హుషారుగా ఉంటుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు.