ఇంటి కోసం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఆపేస్తే తప్పా?

రాత్రిపిట్ట: ఏళ్లుగా ఒక చిన్న లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు ఉచితంగా వాడుకునే కోడు) నడుపుతున్నాను. పాప పుట్టాక రాత్రి లాప్‌టాప్ తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. నిన్న ఒకాయన "ఇంకా జవాబు లేదేం?" అని ఇష్యూలో (సమస్యలు రాసే చోట) నిలదీశారు. రిపో (కోడు ఉన్న చోటు) ఆర్కైవ్ చేసేద్దామనుకుంటున్నా, అంటే కోడు చూడ్డానికి ఉంటుంది, మార్పులు ఆగిపోతాయి. తప్పా?

సెమికోలన్: తప్పేం లేదు. హామీ ఏమీ ఇవ్వట్లేదని ఇలాంటి కోడుకు పెట్టే ఎంఐటీ లైసెన్సు షరతుల్లోనే ఉంది.

పాతకోడు: లైసెన్సు కోర్టుకు పనికొస్తుంది. మేం వాడే లైబ్రరీ ఒకటి చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. సెక్యూరిటీ లోపం బయటపడ్డాక శని, ఆదివారాలు మా టీమంతా ఆఫీసులోనే. నాకూ పిల్లలున్నారు. రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం పేజీలో) ఆపేస్తున్నామని ఒక్క లైను రాయొచ్చుగా?

రాత్రిపిట్ట: చెప్పకుండా ఆపుతానని నేనెక్కడన్నాను? ఆర్కైవ్ చేస్తే కోడు ఉంచే సైటు గిట్‌హబ్బే ఆ సంగతి చెప్పే బ్యానర్ చూపిస్తుంది.

పాతకోడు: బ్యానర్ ఎవరు చూస్తారండీ!

సెమికోలన్: రీడ్‌మీ మాత్రం ఎవరు చూస్తారు? లైబ్రరీలు దించుకునే ఎన్‌పీఎమ్‌లో డెప్రికేట్ చేస్తే (ఇక వాడొద్దని గుర్తు పెడితే) ఇన్‌స్టాల్ చేసేటప్పుడే హెచ్చరిక వస్తుంది.

గడపలోపల: నేను కోడు రాయను, మావారు రాస్తారు. భోజనాల దగ్గర ఫోన్లో ఒక కామెంట్ చదువుతారు. ఇక బాబు ఏమడిగినా "ఊఁ" అంటారు, ఏమడిగాడో వినరు. టైమ్ ఒక్కటే అయితే సర్దుకుంటాం.

పాతకోడు: ఆ టెన్షన్ ఇంకొకరి ఇంటికి పంపితే తీరిపోతుందా?

రాత్రిపిట్ట: మీ కంపెనీ పైసా ఇవ్వకుండా వాడుకుని నన్నంటారేం?

పాతకోడు: డబ్బు సంగతి కాదు! ఆ ఆగిపోయిన లైబ్రరీకి ప్యాచ్ (లోపం సరిదిద్దే కోడు) పంపాను. నడపలేకపోతే నాకివ్వండి అని అడిగాను. ఉలుకూ పలుకూ లేదు. మోస్తానని వచ్చినవాణ్ణి అలా నిలబెట్టడం న్యాయమా?

రాత్రిపిట్ట: నాకు భయమున్నదే అక్కడ. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లు కుదించే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఏమైంది? తనకు ఓపిక తగ్గిందని, ఇది జీతం లేని పని అని 2022లోనే దాన్ని నడిపేవారు చెప్పుకున్నారు. అయినా ముక్కూమొహం తెలియనివాళ్లు ఇంకొకరికి అప్పజెప్పమని వెంటపడ్డారు. సాయానికొచ్చిన ఖాతా నుంచే బ్యాక్‌డోర్ (దొంగదారి తెరిచే కోడు) వచ్చింది. దూరంలోని కంప్యూటర్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజినీరు ఆరా తీయబట్టి 2024 మార్చిలో బయటపడింది. కొత్తవాళ్లకిచ్చి కాపలా కాయాలన్నా ఓపిక కావాలి. అదే లేదంటున్నాను.

పాతకోడు: అంటే మీరు చెయ్యరు, ఇంకొకరిని చెయ్యనివ్వరు.

రాత్రిపిట్ట: ఫోర్క్ చేసుకోండి, అంటే కోడు కాపీ తీసుకుని నడుపుకోండి, వేరే పేరుతో.

పాతకోడు: మేం వాడే మిగతా ప్యాకేజీలన్నీ పాత పేరునే లాగుతాయి. వాటినెవరు మారుస్తారు?

రాత్రిపిట్ట: దానికి నా దగ్గర జవాబు లేదు. నెలాఖరుకు డెప్రికేట్ నోటీసు పెడతాను. ఎవరైనా ఫోర్క్‌ను బాగా నడిపితే లింకు ఇస్తాను. పాత పేరు మీద కొత్త వెర్షన్లు పెట్టే పబ్లిష్ హక్కు మాత్రం ఎవరికీ ఇవ్వను.

పాతకోడు: నోటీసు పెడుతున్నందుకు థాంక్స్. హక్కు ఇవ్వకపోవడం తప్పనే ఇప్పటికీ అంటాను.