డాంటే కంట్రోలర్‌లో స్టేజీ బాక్సు కనబడటం లేదు

ఫేడర్ 517: అన్నలూ, రేపు సాయంత్రం తిరుచానూరు రోడ్డులో రిసెప్షన్. డాంటే అంటే నెట్‌వర్కు కేబుల్ మీద సౌండు పంపే పద్ధతి కదా, దాని కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే మిక్సర్ కనిపిస్తోంది, స్టేజీ మీద మైకుల వైర్లు గుచ్చే స్టేజీ బాక్సు లేదు. పోర్టు దగ్గర లైట్లు మాత్రం వెలుగుతున్నాయి. కేబుల్ మూడుసార్లు మార్చా.

పీలేరు మైకు: పోయిన గంగ జాతరలో నాకు ఇంతకన్నా ఘోరం. పాట మధ్యలో టక్ టక్ అని శబ్దం, జనం ఒకటే కేకలు. కేబుళ్లన్నీ కలిపే నెట్‌వర్కు స్విచ్‌లో కరెంటు ఆదా చేసే గ్రీన్ ఈథర్నెట్ ఆపేశాకే కుదురుకుంది. ఆ రోజు డబ్బులు ఇంకా రాలేదు, అది వేరే కథ.

మిక్సర్ మామ: ఆహూజా ఆంప్లిఫయర్లు భుజాన మోసిన చేతులివి. అన్నిటికీ 192.168.1తో మొదలయ్యే ఐపీ, అదే నెట్‌వర్కు అడ్రసు, నువ్వే ఇవ్వు, నోరు మూసుకుని కనబడతాయి.

చిత్తూరు చిన్నోడు: ఏం మామా, పెళ్లి హాల్లో కూర్చుని అన్నిటికీ ఐపీలు కొట్టాలా? అన్నీ ఆటోమేటిక్‌లో పెడితే 169.254తో మొదలయ్యే ఐపీలు అవే తీసుకుంటాయి. ఒకటి నీ చేత్తో, ఒకటి ఆటోలో ఉంటేనే గొడవ. అప్పుడు కూడా చాలాసార్లు పేరు ఎర్రగా అయినా కనబడుతుంది.

మిక్సర్ మామ: నువ్వు పుట్టకముందు నుంచీ మైకు పెడుతున్నా అబ్బా. నీ ఆటో మొన్న ఫంక్షన్లో అరగంట తిప్పించింది కదా?

చిత్తూరు చిన్నోడు: తిప్పించింది నీ జనరేటర్. అందులో డీజిల్ పోసిందెవరు?

పీలేరు మైకు: డీజిల్ పంచాయతీ ఇక్కడెందుకు సామీ. అబ్బీ, కంప్యూటర్‌లో నెట్‌వర్కును అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ చూశావా?

కరకంబాడి: ఫైర్‌వాల్ అయితే మిక్సర్ కూడా కనబడదు కదా! తమ్ముడూ, బాక్సు వెనక ప్రైమరీ, సెకండరీ అని రెండు పోర్టులుంటాయి. ఎందులో పెట్టావు? రిడండెంట్ మోడ్‌లో, అంటే ఒక లైను పోతే ఇంకోటి ఆదుకునేలా, ఉంటే సెకండరీ వేరే నెట్‌వర్కు. లైటు వెలిగిందంటే వైరు బాగుందని, అంతే.

ఫేడర్ 517: సెకండరీలోనే ఉందన్నా! చీకట్లో తడుముకుంటూ పెట్టా. మూడు కేబుళ్లూ అదే రంధ్రంలో దూర్చా. ప్రైమరీకి మార్చగానే వచ్చింది.

మిక్సర్ మామ: ఐపీ కూడా ఇచ్చుంటే ఇంకా తొందరగా వచ్చేది.

చిత్తూరు చిన్నోడు: మామా, ముందు డీజిల్ చూసుకో.