లాబ్రడార్‌తో మహబూబ్‌నగర్‌కు మారుతున్నాం: ఎండ, గోమార్లు, వీధికుక్కలు

కొత్త_పాలమూరు:
ఏప్రిల్ మొదటి వారంలో కొండాపూర్ నుంచి మహబూబ్‌నగర్ న్యూటౌన్ వైపు అద్దె ఫ్లాటుకు మారుతున్నాం. మగ లాబ్రడార్, మూడేండ్లు, 31 కిలోలు. పై అంతస్తు, నెత్తిన డాబానే. ఏసీ లేదు, కూలర్ ఉంది. ఇక్కడ జీహెచ్ఎంసీ కుక్కల పార్కు దగ్గర ఉండేది, అక్కడ అలాంటిది లేదని తెలుసు. ఎండాకాలం ఎప్పుడు తిప్పాలి? గోమార్లకు ఏం వాడాలి? వీధికుక్కల సంగతేంటి? లిఫ్టులో కుక్కను ఎక్కించొద్దని అసోసియేషన్ వాళ్లు ఇప్పుడే చెప్తున్నారు.

నీలగిరి_నీడ:
పార్కు లేకపోవడం అంత లోటు కాదన్నా. నేల వేడే అసలు సమస్య. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికల్లా తిప్పి ఇంటికి చేర్చాలి. పొద్దు గూకింది కదా అని సాయంత్రం ఆరున్నరకు బయల్దేరితే, సీసీ రోడ్డు పగలంతా తాగిన వేడిని అప్పుడే కక్కుతుంటది. చెయ్యి వెనక వైపు రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టండి. అంతసేపు పెట్టలేకపోతే కుక్క అరికాళ్లకూ అంతే. మట్టి దారి దొరికితే అదే మేలు.

కూలర్ ఇక్కడి పొడి ఎండకు బాగానే పనిచేస్తది, కానీ ఎదురుగా కిటికీ తెరిచి ఉండాలి. తలుపులన్నీ మూస్తే గంటలో గది ఉక్కపోతే. బొచ్చు గొరిగించొద్దు, చర్మానికి అదే గొడుగు. రాలే బొచ్చు దువ్వి తీస్తే చాలు. నీళ్లు కిలోకు 50-60 మి.లీ. లెక్కన మీ వాడికి మామూలు రోజుల్లోనే రోజుకు లీటరున్నర పైన కావాలి. భగీరథ నల్లా నీళ్లే పోయండి. మన నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఫ్లోరైడ్ ఉన్న బోర్లు చాలా ఉన్నాయి, మనం తాగనివి దానికీ వద్దు.

వడదెబ్బ గుర్తులు: నాలుక ఇటుక రంగుకు తిరగడం, చొంగ జిగురుగా కారడం, వెనక కాళ్లు తడబడటం. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ముందు చల్లార్చాలి, తర్వాతే ఆటో ఎక్కించాలి. పొట్ట, తొడల సందు, అరికాళ్ల మీద నీళ్లు పోస్తూ ఫ్యాన్ కింద ఉంచండి. 103కు దిగగానే ఆపి దవాఖానకు తీసుకుపోండి. ఐసు కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఇంకో మాట, మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు కాగుతుంటాయి, అప్పుడు నల్లా తిప్పినా లాభం లేదు. పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడలో పెట్టుకోండి.

కొత్త_పాలమూరు:
థ్యాంక్స్ అన్నా. తడి తువ్వాలు ఒంటి మీద కప్పితే?

నీలగిరి_నీడ:
వద్దు. కాసేపటికి తువ్వాలే వేడెక్కి ఆవిరిని లోపలే పట్టి ఉంచుతది. గోనెసంచి తడిపి కింద పరవండి, పడుకోవాలో వద్దో అదే చూసుకుంటది.

పశువైద్యం_పాలమూరు:
గోమార్ల గురించి రాస్తా, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. మీకు కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి. ఆడ గోమారి నెత్తురు తాగి ఉబ్బి కింద రాలుతుంది, గోడ పగుళ్లలో, తలుపు చౌకట్ల సందుల్లో, పరుపు కుట్ల కింద వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు మళ్లీ గోడ పట్టుకుని పైకి పాకుతాయి. అందుకే మెడ మీద చుక్కల మందు ఒకసారి వేసి, ఇల్లు వదిలేస్తే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది.

మీరు సామాను దించకముందే ఖాళీ ఇంట్లో పగుళ్లన్నీ తెల్ల సిమెంటుతో పూడ్చండి. పాత కిరాయిదారుకు కుక్క ఉందో లేదో అడగండి, తిండి లేకుండా కూడా ఇవి నెలల తరబడి బతుకుతాయి. కుక్కకు నెలనెలా ఫిప్రోనిల్ చుక్కలో, 12 వారాలు పనిచేసే ఫ్లూరలానర్ మాత్రో డాక్టరు బరువు చూసి రాస్తారు. మాత్ర అన్నంతో పాటు వేయాలి. మూర్ఛ వచ్చే కుక్కైతే ముందే చెప్పండి. చుక్కల మందైతే వేయడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించొద్దు. వెంట్రుకల మీద కాదు, పాయ తీసి చర్మానికి తగిలేలా వేయాలి. పత్తికి కొట్టే మందు కలిపి కడిగే అలవాటు ఊళ్లలో ఉంది, దానివల్ల కుక్కలు చచ్చిపోతాయి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నదేదీ లోపలికి రానివ్వొద్దు.

పట్టుకున్న గోమారిని చర్మానికి ఆనించి పట్టకారతో నిటారుగా లాగి స్పిరిట్‌లో వేయండి. కిరోసిన్, అగ్గిపుల్ల, గోళ్లతో నలపడం, ఏవీ వద్దు.

జ్వరం, తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్ర చుక్కలు, ముక్కు నుంచి నెత్తురు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు రక్తపరీక్ష. ప్లేట్‌లెట్ల లెక్క, స్మియర్ (నెత్తురు చుక్కను మైక్రోస్కోపు కింద చూడటం) రెండూ అడగండి. ఎర్లీకియా (గోమార్లు అంటించే రోగం) అని తేలితే డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు. వారానికే కుక్క హుషారెక్కుతుంది, అప్పుడు మందు ఆపినవాళ్ల కుక్కకే రెండోసారి వస్తుంది. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ముట్టించొద్దు. ఇబుప్రొఫెన్ మామూలుగానే విషం, ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటే ఇంకా ఘోరం.

గల్లీ_గస్తీ:
వీధికుక్కలకు సంబంధించి: చికెన్ సెంటర్ ఉన్న సందు ఆదివారం పొద్దున వదిలేయండి. ఆరడుగుల గట్టి తాడు, ఛాతీ బెల్టు. సాగే తాడు వద్దు, గొడవలో చేతికి చుట్టుకుంటది. ఎదురొస్తే పరుగెత్తొద్దు, కుక్కను మీ వెనక్కి తెచ్చుకుని పక్కకు జరగండి. వానాకాలం చివర ఎదల సమయంలో మగకుక్కను అదే దారిలో రోజూ తిప్పకపోవడం మంచిది.

కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. మనిషికైనా, కుక్కకైనా అంతే. మీ కుక్కకు రేబిస్ టీకా వేయించి ఉన్నా మళ్లీ బూస్టర్ వేయించండి. మనిషికి కండలోకి వేసే రేబిస్ సూదైతే 0, 3, 7, 14, 28 రోజులు. రెండో దానికి నొప్పి తగ్గిందని మానేయొద్దు.

లిఫ్టు గురించి: కుక్కను లిఫ్టులోకి రానివ్వం అనే హక్కు అసోసియేషన్‌కు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో ఉంది. రెండు లిఫ్టులుంటే ఫలానాది వాడండి అనొచ్చు. ఆ కాపీ, టీకా కార్డు కాపీ కలిపి ఒక కాగితం ఇవ్వండి, గొంతు పెంచి వాదించడం కన్నా త్వరగా తేలుతది. ఇంటి ఓనరుతో ఒప్పందంలో మాత్రం కుక్క ఉందని రాయించుకోండి. కుక్క మలం ఎత్తడానికి జేబులో ఎప్పుడూ రెండు కవర్లు ఉంచుకోండి. లిఫ్టు గొడవ సగం అక్కడినుంచే మొదలవుతది.