యాక్సిలరేటర్ తొక్కితేనే గలగల శబ్దం, వంతెన ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఇంజిన్ విప్పించాలా?

శివకోడు కుర్రాడు:

నమస్కారమండీ. మాది రాజోలు దగ్గర శివకోడు. ఉద్యోగానికి రోజూ చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి వస్తాను. పెట్రోల్ కారు, 2015 మోడల్, మాన్యువల్ గేర్లు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, 80,000 కిలోమీటర్లు దాటింది.

దాళ్వా కోతలు మొదలైనప్పటి నుంచి ఒక శబ్దం పట్టుకుంది. రెండో గేరులో, మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కగానే కాళ్ల కింద నుంచి గలగలమంటుంది, రేకు డబ్బాలో మేకులు పోసి ఆడించినట్టు. స్పీడు అందుకున్నాక ఆగిపోతుంది. దిండి వైపు నుంచి వంతెన ఎక్కేటప్పుడు మాత్రం పైకి వెళ్లేదాకా వదలదు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు ఇంకాస్త ఎక్కువ. పికప్ తగ్గలేదు, మైలేజీ తగ్గలేదు, మీటర్లో ఏ లైటూ వెలగలేదు.

సర్వీస్ సెంటర్లో ఒక రౌండు తిప్పి చూసి, టైమింగ్ చైన్ సెట్ (ఇంజిన్ లోపల వాల్వుల్ని నడిపే గొలుసు) మార్చాలని 28,000 రూపాయలకు ఎస్టిమేట్ రాసిచ్చారు. మా ఊళ్లో షెడ్డు ఆయన ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు, అంటే ఇంజిన్ని అదరకుండా పట్టుకునేవి, పోయాయన్నారు. మా బావగారేమో ‘కాకినాడ వెళ్లినప్పుడల్లా యానాంలో చవకని ట్యాంకు నింపుతున్నావు కదా, ఆ పెట్రోలే’ అంటున్నారు. వచ్చే వారం విజయవాడ నుంచి చెల్లిని పురిటికి తీసుకురావాలి. బండి దారిలో ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలో చెప్పండి.

భీమవరం ఆక్వా:

ఫౌండేషనే అయి ఉంటుందండీ. రొయ్యల లారీలు తిరిగి తిరిగి మన రోడ్లన్నీ గుంతలే, రబ్బర్లు ఎంతకాలం ఆగుతాయి? నా బండికి మూడో గేరులో ఇలాగే దడదడ వచ్చేది, రబ్బర్లు మార్చాక పోయింది. చైన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

నరసాపురం టీచరమ్మ:

అన్నిటికంటే ముందు డిక్కీ ఖాళీ చేసి, స్టెప్నీ కింద జాకీ, వీల్ స్పానర్ బిగించి ఉన్నాయో లేదో చూడండి. సీట్ల కింద సీసాలు, డ్యాష్‌బోర్డు అరలో చిల్లర కూడా తీసేయండి. పంక్చర్ వేయించుకున్నాక జాకీని దాని చోట్లో పెట్టకుండా వదిలేయడం మామూలే. పైసా ఖర్చు లేని పని కదా.

రావులపాలెం షెడ్డు:

తమ్ముడూ, ఇంకా ఒక్క బోల్టు కూడా విప్పించకండి. టీచరమ్మగారు చెప్పింది ముందు చేయండి, తర్వాత ఇది చదవండి.

మొదట తేలాల్సిన విషయం ఒకటుంది. ఆ శబ్దం ఇంజిన్ తిరిగే వేగానికి వస్తోందా, ఇంజిన్ మీద పడే లోడుకి వస్తోందా? యాక్సిలరేటర్ తొక్కితే రెండూ కలిసే పెరుగుతాయి. అందుకే మీకు ముగ్గురూ మూడు చెప్పారు. ఆ రెండింటినీ విడదీస్తే సగం పని అయిపోయినట్టే.

పొద్దున్నే బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టండి. 1000 నుంచి 3000 ఆర్‌పీఎం దాకా నిదానంగా పెంచమనండి. మీరు బండికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి వినండి. ఏ 2200 దగ్గరో గలగల మొదలై, అది దాటగానే మాయమైతే ఎక్కడో పల్చటి రేకు వదులైందని అర్థం. వదులైన రేకు ఏదో ఒక వేగం దగ్గరే బాగా ఊగుతుంది. ఇంజిన్ అదురు అక్కడికి రాగానే అందుకుంటుంది, దాటితే వదిలేస్తుంది. మీరు ‘స్పీడు అందుకున్నాక ఆగిపోతుంది’ అని రాశారు కదా, నా అనుమానమంతా అక్కడే.

సైలెన్సర్ గొట్టం మీదా, కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా) చుట్టూ వేడి పైకి తగలకుండా రేకులు ఉంటాయి. హీట్ షీల్డ్ అంటారు. మనవైపు అవి తొందరగా పోవడానికి కారణాలున్నాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఒకటి. రొయ్యల లారీల నుంచి రోడ్డు పొడుగునా కారే నీళ్లు ఇంకొకటి. తుప్పు బోల్టు చుట్టూ మొదలవుతుంది. బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది, దాని చుట్టూ రేకు తినేసి కన్నం పెద్దదైపోతుంది. పైనుంచి చూసినవాళ్లకి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, వేలు పెట్టి కదిపితే రేకు ఆడుతుంది. బండి వేడెక్కితే రేకు సాగి కాస్త బిగుసుకోవచ్చు, చల్లగా ఉన్నప్పుడు శబ్దం ఎక్కువ ఉండటానికి అదే కారణం కావచ్చు.

ఇది రాత్రంతా ఆగి ఉన్న బండి మీదే చూడాలి, వేడి సైలెన్సర్ ముట్టుకుంటే చెయ్యి కాలిపోతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకండి, పిట్ (బండి కింద నిలబడి చూసే గొయ్యి) ఉన్న షెడ్డుకి వెళ్లండి. చెక్క ముక్కతో గొట్టం పొడుగునా తట్టుకుంటూ రండి. కన్వర్టర్‌ని అరచేత్తో కొట్టినప్పుడు లోపల పెంకుల్లా గలగలమంటే లోపలి పింగాణీ జల్లెడ విరిగిందని. అది ఖర్చుతో కూడిన పని, కానీ అప్పుడు చాలావరకు పికప్ కూడా పడిపోతుంది. మీకు పడలేదు.

రేకే అయితే పెద్ద వాషర్ వేసి బిగించడమో, స్టీలు హోస్ క్లిప్పు చుట్టి బిగించడమో సరిపోతుంది. కొంతమంది ‘ఇది ఎందుకు సార్, పీకేద్దాం’ అంటారు. ఒప్పుకోకండి. కన్వర్టర్ వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. కోతల్లో మన రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు, మనం దాని మీద నుంచే పోతాం. ఎండుగడ్డి కిందికి చుట్టుకుని ఆ వేడికి తగిలితే అంటుకుంటుంది. మీ శబ్దం కూడా కోతలతోనే మొదలైందన్నారు, గడ్డి లాగడం వల్ల రేకు వంగిందేమో చూడండి.

న్యూట్రల్‌లో ఏ శబ్దమూ లేకపోతే అప్పుడు లోడు సంగతి. కొండల్లేని మన సీమలో ఇంజిన్‌కి లోడు పెట్టి చూడాలంటే వంతెనే దిక్కు. వెనక బండ్లు లేనప్పుడు మూడో గేరులో 40 మీద వంతెన ఎక్కుతూ తొక్కండి. తిరిగి వచ్చి అదే చోట, అదే 40 మీద రెండో గేరులో ఎక్కండి. మూడులో టిక్‌టిక్‌టిక్ అని ఇంజిన్‌లోంచి సన్నగా వచ్చి, రెండులో పోతే అది నాకింగ్, అంటే సిలిండర్లో పెట్రోల్ సరిగ్గా మండక కొట్టుకోవడం. ఇంజిన్ వేడెక్కుతోందా, లోపల కార్బన్ పట్టిందా, సరైన ప్లగ్గులే ఉన్నాయా అని చూడాలి. యానాం పెట్రోల్ చవక కావడానికి కారణం అక్కడ పన్ను తక్కువ కావడం, అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కదా. ధర తక్కువైతే సరుకు తక్కువని కాదు. ఇప్పుడు కలుపుతున్న ఇథనాల్ అయితే ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే గుణం) పెంచుతుంది, నాకింగ్ తెచ్చేది కాదు. మీ బావగారికి నా మాటగా చెప్పండి.

ఇక చైన్. చైన్ గాని, దాన్ని బిగపట్టే టెన్షనర్ గాని పోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లు, ఆయిల్ పైకి ఎక్కేదాకా గరగరలాడుతుంది. బండి నిలబడి ఉన్నా వస్తుంది, ఇంజిన్ పక్క నుంచి వస్తుంది, కాళ్ల కింద నుంచి కాదు. డిప్‌స్టిక్ తీసి ఆయిల్ ఎంతుందో ఈ రోజే చూడండి. నిజంగా చైన్ అయితే మాత్రం ఆలస్యం చేయకూడదు, గేరు పళ్ల మీద చైన్ జారితే వాల్వులు పోతాయి. కానీ అది చైనే అని చూపించమని అడిగే హక్కు మీకుంది.

శివకోడు కుర్రాడు:

అన్నా, చాలా థాంక్స్. జాకీ బాగానే ఉంది, ఆయిల్ సరిపడా ఉంది, స్టార్ట్ చేసినప్పుడు గరగర లేదు. న్యూట్రల్‌లో మా తమ్ముడు తొక్కుతుంటే 2300 దగ్గర పట్టుకుంది, 2600 దాటితే పోయింది. పిట్‌లో చూస్తే కన్వర్టర్ మీది రేకుకి వెనక బోల్టు కన్నం బొటనవేలు పట్టేంత అయిపోయింది. రేకుకీ గొట్టానికీ మధ్య గడ్డి కుక్కినట్టుంది, ఒక పక్క నల్లగా మాడి ఉంది. అది చూసి ఒళ్లు జలదరించింది. గడ్డంతా పీకించి, పెద్ద వాషరు, క్లిప్పు వేయించాను. 250 రూపాయలు తీసుకున్నారు.

గలగల పూర్తిగా పోయింది. కానీ ఇప్పుడు ఇంకొకటి వినపడుతోంది. వంతెన మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి ‘దబ్’ మంటోంది. దీనితో విజయవాడ వెళ్లిరావచ్చా?

రావులపాలెం షెడ్డు:

మంచి పని చేశారు తమ్ముడూ. ఆ మాడిన గడ్డి ఫొటో ఉంటే ఇక్కడ పెట్టండి, నలుగురూ చూస్తారు.

తొక్కినప్పుడు ఒకటి, వదిలినప్పుడు ఒకటి అంటే భీమవరం ఆయన చెప్పిన ఫౌండేషన్ మీదే నా అనుమానం. ముఖ్యంగా ఇంజిన్ ముందుకీ వెనక్కీ తూగకుండా కింద పట్టుకునే రాడ్డు చివర రబ్బరు చూడండి. ఇన్నాళ్లూ రేకు చప్పుడులో అది వినపడి ఉండదు. మెకానిక్ చేత బానెట్ తెరిపించి, బ్రేకు తొక్కిపట్టి, మొదటి గేరులో క్లచ్ కొద్దిగా వదిలించి చూడండి, బండి ముందు ఎవరినీ నిలబడనివ్వకండి. ఇంజిన్ బాగా ఎగిరిపడితే రబ్బరు చీలినట్టే. చీలి ఉంటే మార్పించుకునే విజయవాడ బయల్దేరండి, పురిటి మనిషికి ఆ కుదుపు మంచిది కాదు. చీలకుండా కాస్త మెత్తబడి ఉంటే వెళ్లి రావచ్చు, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి వదలకుండా నడపండి.

మార్చేటప్పుడు బోల్టులన్నీ చేత్తో పట్టించి, ఇంజిన్ బరువంతా ఫౌండేషన్ మీద కూర్చున్నాక చివరి బిగింపు ఇవ్వమనండి. జాకీ మీద ఎత్తి ఉండగానే బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి అదురు అలాగే ఉంటుంది. సైలెన్సర్ వేలాడే రబ్బర్లు కూడా అప్పుడే చూపించుకోండి, ఇంజిన్ తూగినప్పుడల్లా అవి కూడా లాగబడి ఉంటాయి.