జర్మన్ రాకుండా రీగెన్స్‌బర్గ్ వెళ్లొచ్చా?

ప్రశ్న: వచ్చే నెల జర్మనీలో మ్యూనిక్ నుంచి రీగెన్స్‌బర్గ్ ఊరికి వెళ్లాలనుకుంటున్నాను. శనివారం వెళ్లి ఆదివారం తిరిగొస్తాను. నాకు ఇంగ్లిష్ తప్ప జర్మన్ ఒక్క ముక్క రాదు. హోటల్లో, రైల్లో ఇబ్బంది పడతానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: కంగారు పడకండి. హోటళ్లలో ఇంగ్లిష్ నడుస్తుంది. చిన్న బేకరీల్లో మాత్రం వేలితో చూపించి అడగడమే, నేనూ అదే చేశాను! లోపలికి వెళ్లగానే 'గ్రూస్ గాట్' అనండి, అది ఆ ఊరున్న బవేరియా రాష్ట్రపు నమస్కారం. ఆ ఒక్క మాటకే ఎదుటివాళ్ల మొహం మారిపోతుంది.

జవాబు 2: ఆదివారం దుకాణాలు మూసేస్తారు. నీళ్లు, పళ్లు శనివారమే కొనుక్కోండి. మొదటిసారి నాకు ఈ సంగతి తెలియక బిస్కెట్లతో సరిపెట్టుకున్నాను. వెళ్లడానికి బయర్న్ టికెట్ (బవేరియా అంతటా చెల్లే ఒకరోజు టికెట్) తీసుకోండి, కానీ అది ప్రాంతీయ రైళ్లకే. ఐసీఈ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే చెల్లదు.

జవాబు 1: అన్నట్టు, రాతి వంతెన మీదికి తెల్లవారుజామునే వెళ్లండి. 12వ శతాబ్దంలో కట్టింది, కింద డాన్యూబ్ నది సుళ్లు తిరుగుతూ పారుతుంది. జనం లేనప్పుడు ఆ నీటి హోరు వినాలి. పక్కనే సాసేజ్ వంటశాల ఉంది, మధ్యాహ్నానికి క్యూ కడతారు. రోమన్ల కాలంనాటి పోర్టా ప్రెటోరియా ద్వారం పక్క వీధిలో గోడలో కలిసిపోయి ఉంటుంది. నేను రెండుసార్లు దాటిపోయాకగానీ గుర్తుపట్టలేదు.

ప్రశ్న అడిగినవారు: శాకాహారినండీ, సాసేజ్ వద్దు. వంతెన మాత్రం ఖాయం!

జవాబు 2: అయితే 'ఓనె ఫ్లైష్' నేర్చుకోండి, మాంసం లేకుండా అని.